పదమూడు వాయనాలు... పద్నాలుగో తలుపు

సంక్రాంతికి ఏం నోముకోవాలి? తెలంగాణలో ఇంటింటా ఏటా వచ్చే ప్రశ్నే ఇది. జవాబు కోసం ఒకసారి మంచు దేశం స్వీడన్ దాకా వెళ్లొస్తే... మనం మర్చిపోయిన మరో ప్రశ్న కూడా గుర్తొస్తుంది!

‘‘వదినా, ఈ యేడు ఏం నోముకుంటున్నవ్?’’

‘‘స్టీలు డబ్బాలు అనుకుంటున్న. మరి నువ్వు?’’

‘‘పోయినేడు మా తోటికోడలు డబ్బాలే ఇచ్చింది. నేను వేరే ఏదన్న చూడాలె.’’

ధనుర్మాసం సగానికొచ్చిందంటే చాలు, మేడ్చల్ బజారులోనైనా శామీర్‌పేట చౌరస్తాలోనైనా ఆడవాళ్ల మధ్య ఇదే ముచ్చట. కొందరు కాస్త తీరిక చేసుకుని సికింద్రాబాద్ జనరల్ బజారుకు బయల్దేరతారు. ఇంకొందరు చవగ్గా వస్తాయని బేగంబజార్ దాకా వెళ్తారు. తిరిగొచ్చేటప్పుడు అందరి సంచుల్లోనూ ఒకటే లెక్క... పదమూడు!

కోస్తాలో సంక్రాంతి అంటే బొమ్మల కొలువులు, హరిదాసులు, కొత్తల్లుళ్ల మర్యాదలు. తెలంగాణలో సకినాలు, పతంగులు, వాటితోపాటు తప్పనిసరిగా నోములు. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతానిదైతే మరో ప్రత్యేకత. ఒకటి నాగపూర్ జాతీయ రహదారి మీద, ఇంకొకటి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద. ఓ పక్క కూరగాయల తోటలు, పాత పెంకుటిళ్లు. మరో పక్క అపార్ట్‌మెంట్లు, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ పరిశ్రమలు, నల్సార్, బిట్స్ పిలానీ లాంటి విద్యాసంస్థలు. పొట్టకూటికో, ఉద్యోగానికో వచ్చి స్థిరపడినవారి పండగలు కూడా ఇక్కడికి వచ్చేశాయి. ఒకే వరండాలో ఒకరింట్లో నోములు, ఎదురింట్లో బొమ్మల కొలువు పేరంటం, ఆ పై అంతస్తులో మరాఠీ వాళ్ల పసుపు కుంకుమలు. మరాఠీ వాళ్లు ఆ రోజు ఇచ్చే వస్తువును ‘వాణ్’ అంటారు. నువ్వులు, బెల్లం చేతిలో పెట్టి తియ్యగా మాట్లాడమని చెబుతారు. కన్నడిగులు నువ్వులు, బెల్లం, కొబ్బరి, పల్లీలు కలిపి ‘ఎళ్ళు-బెల్ల’ పంచుతారు. పేర్లు వేరైనా పని ఒక్కటే. చలికాలం చివర, సూర్యుడు దారి మార్చే వేళ, ఇరుగుపొరుగుకి ఏదో ఒకటి ఇవ్వడం!

అందరికీ ఒక్కటే!

ఇంటింటికీ కొద్దిపాటి తేడాలున్నా నోము పద్ధతి దాదాపుగా ఇలా ఉంటుంది. పండగ పూట తలస్నానం చేసి, వాకిట్లో ముగ్గు పెట్టి, పసుపుతో గౌరమ్మను చేసి నిలుపుతారు. ఒకే రకం వస్తువులు పదమూడు తెచ్చి ఆమె ముందు పెడతారు. వాటికి పసుపు కుంకుమలు అద్ది, లోపల నువ్వుల ఉండలు, రేగుపండ్లు, చెరకు ముక్కలు వేసి నోముకుంటారు. ఆ తరవాత ముత్తైదువులను పిలిచి, కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గంధం పూసి ఒక్కొక్కరికి ఒక్కోటి వాయనమిస్తారు. పండగ రోజు వీలుకాకపోతే రథసప్తమిలోపు ఇచ్చేవారూ ఉన్నారు.

ఇందులో పెద్దలు పెట్టిన ఒక గొప్ప మెలిక ఉంది. పదమూడూ ఒకేలా ఉండాలి. పటేలు గారి కోడలికి వెండి గిన్నె, పాలు పోసే యాదవుల ఇల్లాలికి సత్తు గిన్నె అంటే కుదరదు. తోటికోడలికి పెద్దది, పక్కింటావిడకు చిన్నది అన్నా చెల్లదు. ఇచ్చేవారి స్తోమతును బట్టి వస్తువు మారొచ్చేమో గానీ, పుచ్చుకునేవారిని బట్టి మారదు. ఎక్కువ తక్కువల ఊళ్లో ఆ ఒక్క పూటైనా అందరి చేతుల్లోనూ ఒకటే వస్తువు!

మరో ముచ్చట. వాయనం మౌనంగా చేతులు మారదు. ఇచ్చే ఆమె, పుచ్చుకునే ఆమె ఇద్దరూ తలా ఒక మాట అనాలి. మాటలేని వాయనానికి నిండుదనం లేదని నమ్మకం. అసలు వట్టి నువ్వులు చేతికిస్తే కయ్యం వస్తుందని భయపడే మనమే, వాటికి బెల్లం జోడించి ఉండ చేసి, నాలుగు మాటలు కలిపి ఇస్తే పండగ అంటున్నామంటే... అదీ నోము చమత్కారం.

గురుగు నుంచి డబ్బా దాకా

ఒకప్పుడు నోమంటే మట్టి గురుగులే. కుమ్మరి ఇంటి నుంచి తెచ్చిన చిన్న చిన్న కుండలు. అందులో చెరకు, రేగుపండ్లు, శనగకాయలు, నువ్వులు... అంటే ఆ కాలంలో పొలంలో ఏం పండితే అది. ఇంట్లో పండిందే ఇరుగింటికి. పండగ వెళ్లాక గురుగులు పిల్లల ఆటలకు. పగిలితే మళ్లీ మట్టిలోకి.

ఆ తరవాత ఇత్తడి వచ్చింది. ఇత్తడి పోయి స్టీలు గిన్నెలొచ్చాయి. స్టీలు తరవాత ప్లాస్టిక్ డబ్బాలు, బుట్టలు, దువ్వెనలు, అద్దాలు, పర్సులు. ఇప్పుడు నోముల సామానంటూ దుకాణాలవాళ్లే పదమూడు చొప్పున కట్టలు కట్టి అమ్ముతున్నారు. కొనడం తేలికైంది. అయితే చిక్కు అక్కడే మొదలైంది.

ఓ ఇల్లాలు పదమూడు మందికి ఇస్తుంది. మరో పదమూడు మంది దగ్గర తీసుకుంటుంది. ఏటా ఇంత సామాను ఇంట్లోకి చేరితే ఏమవుతుంది? అటక ఎక్కుతుంది. ఒకరిచ్చిన డబ్బా మూత సరిపోదు. ఇంకొకరిచ్చిన గిన్నె పలచన. అలాగని బయట పడేయడానికి మనసొప్పదు... పసుపు కుంకుమలతో వచ్చిన వస్తువాయె! చివరికి భోగినాడు అటక దులిపేటప్పుడు ‘ఇవన్నీ ఎవరిచ్చారో’ అనుకోవడమే మిగులుతుంది.

అంతేనా... పోటీ ఒకటి. ఆమె అంతది ఇచ్చింది కాబట్టి మనం ఇంకాస్త మంచిది ఇవ్వాలి. కొత్తగా పెళ్లైన అమ్మాయి తొలి నోములైతే ఆ సామాను తెచ్చేది చాలాచోట్ల పుట్టింటివాళ్లే. దాంతోపాటే సకినాలు, అరిసెలు, బట్టలు. కూతురు అత్తింట్లో తల దించుకోకూడదని అప్పు చేసే తండ్రులు నేటికీ ఉన్నారు. అందరూ సమానమని చెప్పడానికి పుట్టిన నోము, ఎవరెంత పెట్టారో చూసే తూకమైపోతే ఎలా?

తలుపు తట్టి... పరుగో పరుగు!

పండగ కానుకలతో ఇలా తలపట్టుకునేది మనమొక్కరమే కాదు. 2018 ఆగస్టులో భారతదేశంలోనే తొలి దుకాణాన్ని హైదరాబాద్‌లో తెరిచిన ఐకియా గుర్తుందిగా? ఆ సంస్థ పుట్టిన స్వీడన్‌లోనూ చలికాలం రాగానే ఇదే హడావుడి.

అక్కడి చలికాలం మామూలుది కాదు. డిసెంబరులో స్టాక్‌హోమ్ నగరంలో పగలు ఆరు గంటలే. మధ్యాహ్నం మూడింటికల్లా చీకటి. ఉత్తరాన కిరునా పట్టణంలోనైతే కొన్ని వారాలపాటు సూర్యుడే కనిపించడు. ఆ చీకట్లో వెలుగు కోసమా అన్నట్టు డిసెంబరు 13న లూసియా పండగ చేసుకుంటారు. తెల్లటి గౌన్లలో, తల మీద కొవ్వొత్తుల కిరీటంతో అమ్మాయిలు పాటలు పాడుతూ వస్తారు. కానుకలు విప్పేది మాత్రం 24 సాయంత్రం.

కానుకను స్వీడన్‌లో ‘యూల్‌క్లాప్’ అంటారు. ‘యూల్’ అంటే క్రిస్మస్. ‘క్లాప్’ అంటే తట్టడం. కానుకకూ తట్టడానికీ ఏమిటి సంబంధం? అదే తమాషా! 18వ శతాబ్దంలో అక్కడ పండగ రాత్రి ఎవరో వచ్చి తలుపు దబదబా కొట్టేవారు. తీసేసరికి ఓ పొట్లం లోపలికి విసిరి, ముఖం కనపడకుండా చీకట్లోకి పరుగెత్తేవారు. విప్పి చూస్తే చాలాసార్లు లోపల కట్టె మొద్దో, గడ్డి బొమ్మో ఉండేది. దాంతోపాటు ఇంటివారిని ఆటపట్టిస్తూ నాలుగు ప్రాస మాటలు. ఎవరు విసిరారో కనిపెట్టడమే ఇంటివారికి పండగ కాలక్షేపం.

తరవాత కట్టె మొద్దులు పోయి నిజమైన కానుకలొచ్చాయి. ఆ ప్రాస మాటలు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో పొట్లం మీద రెండు వరుసలు రాస్తారు. లోపల ఏముందో చెప్పీ చెప్పకుండా, పుచ్చుకునేవారి అలవాట్లను కాస్త వెక్కిరిస్తూ. అది అందరి ముందూ చదివి, ఏముందో ఊహించి, అప్పుడు విప్పాలి. అంటే అక్కడా మాటలేని కానుక లేదన్నమాట!

ఈ కానుకలు తెచ్చేదెవరన్నదీ మారుతూ వచ్చింది. 19వ శతాబ్దంలో పిల్లలకు కానుకలు తెచ్చింది ఓ మేక! దాని గుర్తుగా ఇప్పటికీ గడ్డితో మేక బొమ్మలు చేసి చెట్టు కింద పెడతారు. యెవ్లే పట్టణంలో 1966లో పదమూడు మీటర్ల గడ్డి మేకను నిలబెట్టారు. మన నోము లెక్కే! కొత్త సంవత్సరం రాకముందే ఎవరో దాన్ని తగలబెట్టారు. అప్పట్నుంచి మేకను పెట్టడం, దాన్ని కాల్చాలని కొందరు ఆకతాయిలు పొంచి ఉండటం ఏటా వార్తే. పొలాన్నీ పశువులనూ కాపాడే ‘తొమ్తె’ అనే పొట్టి తాతను చిత్రకారిణి జెన్నీ నీస్ట్రోమ్ 1881లో గీశాక, మెల్లగా మేక పని ఆ తాతకు అప్పగించారు. ఆయన కోసం రాత్రిపూట గిన్నెడు పాయసం బయట పెట్టడం పాత పల్లె ఆచారం.

ఇక జనవరి 13... అక్కడ ‘క్నూట్’ రోజు. ఇరవై రోజుల పండగకు ముగింపు. చెట్టుకు కట్టిన మిఠాయిలు పిల్లలు దోచుకుని తినేస్తారు, అలంకారాలు తీసి చెట్టును సాగనంపుతారు. సరిగ్గా ఆ రోజుకో మర్నాటికో ఇక్కడ మన భోగి మంట మొదలు. వాళ్లు పండగ ముగించి ఇల్లు సర్దుకునే వేళకు మనం ఇల్లు సర్దుకుని పండగ మొదలుపెడతాం!

రొట్టెల యంత్రం నుంచి చేతి అల్లిక వరకు

స్వీడన్‌లో చిల్లర వ్యాపారం మీద పరిశోధన చేసే హెచ్‌యూఐ అనే సంస్థ 1988 నుంచి ఏటా ఒక వస్తువును ‘ఈ ఏటి కానుక’గా ప్రకటిస్తోంది. ఆ జాబితా చదివితే ఓ దేశం కోరికలు ఎలా మారాయో అద్దంలో చూసినట్టే. 1988లో రొట్టెలు చేసే యంత్రం. 1994లో మొబైల్ ఫోన్. 1996లో ఇంటర్నెట్ కనెక్షన్. 2004లో పలచటి టీవీ. 2009లో ముళ్ల చాప... మన యోగుల ముళ్ల పాన్పు చూసి చేసినదే!

ఇక్కడిదాకా వస్తువు మీద వస్తువు. ఆ తరవాత గాలి మళ్లింది. 2018లో పాత బట్టతో మళ్లీ తయారైన దుస్తులు. 2019లో మరీ విడ్డూరం... ఫోన్లు పడేసి కాసేపు మూత పెట్టుకునే పెట్టె! 2022లో ఇంట్లో చేత్తో అల్లిన దుస్తులు. 2023లో నలుగురూ కూర్చుని ఆడుకునే బల్ల మీది ఆటలు. పాతికేళ్ల కిందట ఫోన్ ఇచ్చినవారే, ఆ ఫోన్ దాచే పెట్టె ఇచ్చుకోవాల్సి వచ్చింది. అన్నీ కొనుక్కోగల దేశం చివరికి కోరుకున్నది రెండే. ఒకటి, చేత్తో చేసింది. రెండు, పక్కన కూర్చునే మనిషి.

గురుగు నింపి, బొట్టు పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టి ఇచ్చిన మన అమ్మమ్మలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఏం నోముకుందాం?

నోముకు కొత్త వస్తువులే వాడాలన్న పట్టింపు చాలామందికి ఉంటుంది. ఆ మాట కాదనకుండానే, అటక ఎక్కని కానుకలు ఎంచుకోవచ్చు.

* ముందు లెక్క: ఎంత ఖర్చు పెట్టాలో దుకాణానికి వెళ్లకముందే అనుకోవాలి. వస్తువు నలభై రూపాయలైతే పదమూడింటికి 520. వంద అయితే 1300. అమ్మాయి తొలి నోములకైతే ‘ఇంతకు మించి వద్దు’ అన్న మాట అత్తింటివారి నోట వస్తే ఆ పుట్టింటికి అదే పెద్ద కానుక.

* మట్టి గురుగులు: పాత పద్ధతే అయినా ఇప్పటికీ అందం. దగ్గర్లో కుమ్మరులుంటే పండగకు నెల ముందే చెబితే మేలు. తరవాత పిల్లల కుండీలుగానో, దీపాలుగానో పనికొస్తాయి.

* రోజూ వాడేవి: టీ వడగట్టే జాలీ, మంచి గరిటె, పోపు చెంచా, కొబ్బరి తురుముకునే చిన్న కోరు. పెద్ద పలచటి గిన్నె కన్నా గట్టి చిన్న గరిటె నయం. పదేళ్లు చేతిలో తిరుగుతుంది.

* నూలు సంచులు: కొత్త బట్ట తీసుకుని వీధిలో మిషను కుట్టే ఆవిడకు ఇస్తే పదమూడు సంచులు కుట్టి ఇస్తుంది. డబ్బు కూడా పక్కింటికే వెళ్తుంది. అంగడికి పోయేటప్పుడల్లా ఇచ్చినవారు గుర్తొస్తారు.

* విత్తనాల పొట్లాలు: పాలకూర, తోటకూర, మెంతి, బీర. డాబా మీద నాలుగు కుండీలున్నా చాలు. అన్నీ చవకే.

* పుస్తకాలు: పిల్లలున్న ఇళ్లకు తెలుగు కథల చిన్న పుస్తకాలు. అందరికీ ఒక్కటే ఇవ్వాలన్న నియమమూ తప్పదు, పిల్లలు ఒకరిదొకరు మార్చుకోనూ అక్కర్లేదు. అందరూ కలిసి చదువుకుంటారు.

* నువ్వుల ఉండలు: ఇవి మాత్రం కొనకండి. రెండు గ్లాసుల నువ్వులు దోరగా వేయించి, చల్లారాక ఒకటిన్నర గ్లాసు బెల్లం, రెండు యాలకులు వేసి దంచితే చాలు. నువ్వుల్లోని నూనే ఉండ కట్టిస్తుంది. పాకం భయం లేదు.

స్వీడన్ నుంచి ఒకటి అరువు తెచ్చుకోవాలంటే ఆ ప్రాస మాటలు తెచ్చుకుందాం. మనకు పొడుపుకథలు కొత్తా? వాయనం మీద ఓ చీటీ కట్టి, రాసే పని పిల్లలకు అప్పజెప్పండి. ‘మట్టిలో పుట్టింది, మంటలో కాలింది, నోట్లో చెరకు ముక్క పెట్టుకుని పండక్కి వచ్చింది’ అంటే గురుగు. ‘చీమంత వాళ్లు వెయ్యిమంది, బెల్లం చెయ్యి పట్టుకుని ఒక్కటయ్యారు’ అంటే నువ్వుల ఉండ. వస్తువు అందరికీ ఒక్కటే అయినా చీటీ మీద మాట ఎవరికి వారిదే. నోములోని సమానం, స్వీడన్‌లోని సరదా రెండూ కలిసొస్తాయి.

మరి ఆమె సంగతి?

ఇంతసేపూ ఏం ఇవ్వాలన్న దాని గురించే. ఎవరికి ఇవ్వాలన్నది ఇంకా మిగిలే ఉంది.

నోము ముత్తైదువులకు. ఆ పదమూడు మందిలో లేనివారు ప్రతి వీధిలోనూ ఉంటారు. భర్త పోయిన పెద్దమ్మ. నిన్నటేడు దాకా అందరికన్నా ముందు పిలుపు అందుకుని, ఈ ఏడు తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్న అక్క. పెళ్లి కాని, పెళ్లి నిలవని ఆడపడుచు. ఏడాదిలోపు ఇంట్లో చావు జరిగిందని పండగే చేసుకోనివారు. చాలా ఇళ్లలో సకినాలు చుట్టేది, నువ్వులు వేయించేది, గురుగులు కడిగి ఆరబెట్టేది ఆ చేతులే. వాయనాల వేళకు మాత్రం ఆ చేతులు లోపలి గదిలో ఉంటాయి. పిలవనివారికి కోపం లేదు. పిలవాలన్న ఆలోచనే రాదు, అంతే. ఆమె కూడా అడగదు. ‘నాకెందుకమ్మా ఇయన్ని’ అంటుంది. ఆ మాట వెనక ఏముందో మన ఇళ్లలో తెలియనివారు లేరు.

నోము లెక్క పదమూడు దగ్గర ఆగుతుంది. ఆగనిద్దాం. పెద్దల మాట కాదనక్కర్లేదు. కానుకకు మాత్రం ఆ లెక్క లేదుగా? పద్నాలుగోది ఒకటి కొంటే సరి. అదే గరిటె, అదే సంచి, అవే నువ్వుల ఉండలు, చీటీ మీద ఆమె కోసమే రాసిన రెండు మాటలు. వాయనం అనక్కర్లేదు. పండక్కి తెచ్చామంటే చాలు. అమ్మకు నచ్చజెప్పలేని కోడళ్లు, అత్తకు చెప్పలేని కూతుళ్లు పిల్లల చేతికిచ్చి పంపినా తప్పు లేదు. పిల్లల చేతికి ఏ నియమమూ అడ్డు రాదు.

ఒక్క విషయంలో మాత్రం స్వీడన్ పద్ధతి ఇక్కడ పనికిరాదు. నువ్వులు, పసుపు ఉన్న పొట్లాన్ని ఎవరి గుమ్మంలోనో పడేసి పరుగెత్తితే... మన ఊళ్లలో దాన్ని కానుక అనరు, చేతబడి అంటారు! పాపం ఆ ఇంటివాళ్లు నిమ్మకాయలు తెచ్చుకోవాల్సి వస్తుంది.

అందుకే తలుపు తట్టండి. పరుగెత్తకండి. ఆమె వచ్చి తీసేదాకా నిలబడండి.